గాయానికి కారణం

"నా పిల్ల ఫోన్ చూస్కుంట రోడ్డు దాటింది సారూ, కారొచ్చేది చూస్కోలే. యాక్సిడెంట్ అనే రాయుండ్రి," అంది గిరిజాకుమారి.

డబ్లిన్ ఆసుపత్రిలో డాక్టర్ అభిజిత్ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. కాలు విరిగిన అమ్మాయి తెర వెనక మత్తులో ఉంది. నడిచి వెళ్తున్న మనిషిని కారు గుద్దిందని రాశాడు. ప్రమాదమా, కావాలనా అన్న గడి ఒక్కటే మిగిలింది. దాన్ని బట్టే ఆసుపత్రి రికార్డులో గాయం కారణానికి కోడ్ పడుతుంది.

"తనే కారుకి ఎదురొచ్చిందని డ్రైవర్ చెప్తున్నాడు ఆంటీ."

"అబద్ధం! నీకు దండం పెడ్త బిడ్డా, కావాలనే అని రికార్డులకెక్కితే నా పిల్ల బతుకే పోతది." ఆమె అతని కాళ్ల మీదికి వంగబోయింది.

అభిజిత్ ఆమెను పట్టుకుని కూర్చోబెట్టాడు. "ప్రమాదం అని రాస్తే కాలు బాగుచేసి ఇంటికి పంపేస్తారు ఆంటీ. ఎందుకిలా చేశావమ్మా అని ఇక్కడ ఒక్కరూ అడగరు. మళ్లీ కారుకి ఎదురు వెళ్తే మీరు ఆపగలరా?"

గిరిజాకుమారి తెర వైపు చూసింది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, కూతురి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంట్ల, నా దిండు మీద పెట్టి పోయింది బిడ్డా."