తప్పుపట్టినవారికే పదవి

గోడలకు నిజంగానే చెవులు మొలిచాక కొత్త చట్టమొకటి వచ్చింది. కాలేజీకి ఎవరు వంక పెడితే వారినే పాలకమండలి సభ్యులుగా పట్టుకుపోతారు. మూడేళ్లు అక్కడే మకాం, ఇంటికి పంపరు.

భర్త అప్పలస్వామి నోటిదురుసు ఎరిగిన నూకరత్నం, మనవరాలిని కాలేజీలో చేర్చే రోజు ఆయన నోట్లో కిళ్లీ కుక్కి మరీ తీసుకెళ్లింది. తీరా క్యాంటీన్‌లో ఇడ్లీ కొరికి తనే అరిచింది.

"ఇడ్లీయా ఇది, ఇటుకా?"

"అభినందనలు, సభ్యురాలు గారూ!" అంది గోడ.

నూకరత్నం భర్తవైపు తిరిగింది. "ఏటండీ, మూడేళ్లు మీరొక్కరూ ఎలాగుంటారు?"

అప్పలస్వామి కిళ్లీ ఉమ్మేసి వచ్చి, సాంబారు రుచైనా చూడకుండా గోడవైపు తిరిగాడు.

"మీ సాంబారు ఒట్టి కుడితి! వినిపించిందేటి?"