చీటీ మార్చిన రక్తం

మారుతి చేయాల్సిన దొంగతనం రెండు నిమిషాల పని. ఐస్ పెట్టెలోంచి తనదొకటి, స్నేహితుడు వీరేష్‌దొకటి, రెండు రక్తం ట్యూబులు తీసి, వాటి మీద అంటించిన పేర్ల చీటీలు దానిది దీనికి, దీనిది దానికి మార్చేయాలి. అంతే.

పెట్టె అతని ఆటోలోనే ఉంది. ఎమ్మిగనూరు చేనేత కాలనీలో పొద్దున తీసిన రక్తాన్ని ఆదోని స్టేషన్‌కు చేర్చి, హైదరాబాదులోని ల్యాబ్‌కు రైల్లో పంపాలి. వెంట వస్తున్న టెక్నీషియన్ ప్రేమ్ కుమార్ దారిలో టీ కొట్టు కనబడగానే ఆటో ఆపమన్నాడు.

"నువ్వు రావా అన్నా?"

"మీరు తాగి రాండి సార్. పెట్టె కాడ నేనుంటా."

ఐస్ తడికి చీటీలు నానిపోయి ఉన్నాయి. గోరు తగిలిస్తే చాలు, ఊడి వచ్చాయి. మారుతి చీటీ వీరేష్ రక్తం మీదికి, వీరేష్ చీటీ మారుతి రక్తం మీదికి చేరాయి. ప్రేమ్ కుమార్ మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి పెట్టె మూత బిగించి ఉంది. మారుతి మాత్రం అంత ఎండలో చల్లబడిన వేళ్లను చొక్కాకు రుద్దుకుంటున్నాడు.

మారుతి తండ్రి రంగన్న చేయి తిరిగిన నేతగాడు. నలభై దాటాక ఆ చేతులే వణకడం మొదలుపెట్టాయి. నడక తూలింది, మాట ముద్దయింది, ఆఖరికి మంచంలోనే పోయాడు. అన్న బజారి ముప్పై తొమ్మిదికే అదే తీరున పోయాడు. ఆ ఇంటికి ఏదో శాపం తగిలిందని వీధిలో చెప్పుకున్నారు.

శాపం కాదని చెప్పింది దేవకి. ఆ జబ్బు గుట్టు తెలుసుకోవాలని ఏళ్లుగా పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త ఆమె. ఒక జన్యువులో తప్పుందట. దాని వల్ల తయారయ్యే ప్రోటీన్ మెదడు కణాల్లో నూలు చిక్కుపడ్డట్టు ఉండకట్టి, వాటిని చంపేస్తుందట. తండ్రికి ఉంటే ఆయన బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ముందే తెలుసుకోవాలనుకుంటే రక్తం చూసి చెప్తామంది.

మారుతికి తెలుసుకోవాలని లేదు. తల్లి కమలమ్మే పట్టుబట్టింది.

"ఇద్దరిని ఎత్తుకోని పోయి మన్నులో పెట్టినా. నీకు లేదని ఒక్క కాగితం చూపించు నాయనా, సాలు."

తనకు ఉందని మారుతి ఎప్పుడో తీర్మానించుకున్నాడు. పోయిన నెలలో రెండుసార్లు ఆటో హ్యాండిల్ మీద చేయి వణికింది. ఆ సంగతి తల్లికి చెప్పలేదు, చెప్పదలచుకోలేదు కూడా. ఆమెకు కావాల్సిన కాగితం ఆమెకు ఇప్పించాలి, అది దొంగ కాగితమైనా సరే.

వీరేష్ అతని చిన్ననాటి స్నేహితుడు. వీధి చివర ఇల్లు. తండ్రి లేని పిల్లవాణ్ని తల్లే కూలికి పోయి పెంచింది. పోల్చి చూడడానికి ఈ జబ్బు లేని ఇళ్లవాళ్ల రక్తం కూడా కావాలని దేవకి అడిగితే, మారుతే అతన్ని లాక్కొచ్చాడు. అలా ఇచ్చినవాళ్లకు కాగితాలుండవు, ఎవరికీ ఏమీ చెప్పరు. కాబట్టి వీరేష్‌కు వచ్చే నష్టమేమీ లేదని మారుతి మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

మూడు నెలలకు ఆదోని ఆసుపత్రికి రమ్మని దేవకి నుంచి కబురొచ్చింది. కమలమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. మారుతి ధీమాగా లోపలికి పోయాడు.

దేవకి కుర్చీ దగ్గరగా జరుపుకుంది. "మారుతీ, నీ రక్తంలో ఆ తప్పు ఉంది."

అతను కుర్చీలోంచి సగం లేచాడు.

"నా రక్తంలోనా? సరిగ్గా సూసినారా మేడం?"

"రెండుసార్లు చూశాం. పోలిక కోసం తీసుకున్న నలభై మందిలో ఒక్కరికి కూడా లేదు. పరీక్షలో పొరపాటేం లేదు." ఆమె గొంతు మెత్తబరిచింది. "ధైర్యం పోగొట్టుకోకు. ఆ ప్రోటీన్ తయారవకుండానే ఆపే మందు ఒకటి ప్రయోగంలో ఉంది. పని చేస్తుందని ఇప్పుడే హామీ ఇవ్వలేను. కానీ లక్షణాలు రాకముందే మొదలుపెడితే మేలని మా ఆశ. ఈ నెలలోపు నీ పేరు రాయిస్తాను."

మారుతి చెవికి ఎక్కింది ఒక్కటే మాట. ఆ నలభై మందిలో ఒక్కరికి కూడా లేదు. వీరేష్ చీటీ కింద ఉన్నది తన రక్తం. అంటే తనకు లేదు! హ్యాండిల్ మీద చేయి వణికింది ఉత్త భయానికే!

అతని ముఖం చూడగానే కమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఏడుపు ఆపడానికి ఇక నిజం చెప్పక తప్పలేదు. పక్కన కూర్చుని, చీటీలు మార్చిన సంగతంతా గుసగుసగా చెప్పేశాడు.

"ఏడవొద్దమా! నా రక్తం బాగుండాది. నాకు ఏ రోగం లేదు!"

ఆమె కొడుకు ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నవ్వింది, మళ్లీ ఏడ్చింది. కాసేపటికి ఆ చేతులు కదలకుండా ఆగిపోయాయి.

"మరి ఆ రోగం ఉండే రక్తం ఎవురిది?"

"మన వీరేష్‌గానిది. వాళ్లింట్లో ఈ జబ్బు యాడుంది? మిషనేదో తప్పు సూపిచ్చినట్టుంది. పోదాం పా."

కమలమ్మ లేచింది. గేటు వైపు కాదు, దేవకి గది వైపు నడిచింది.

"యాడికి పోతాండావు? చీటీలు మార్చినానని తెలిస్తే నన్ను పోలీసులకు పట్టిస్తారు!"

"పట్టిస్తే పట్టిచ్చనీ. ఆ మందు వీరేష్‌కు ఇప్పియ్యల్ల."

"వానికెందుకమా మన ఇంటి జబ్బు మందు?"

కమలమ్మ తలుపు మీద చేయి వేసి, వెనక్కి చూడకుండానే అంది.

"మీ నాయన ఆ బిడ్డకు పేరియ్యలే, మగ్గమియ్యలే, ఈ రోగమొకటి ఇచ్చిపోయినాడు."