పద్దెనిమిదేళ్ళ సర్వీసు

"సంతకం పెట్టేశారా?" లాయరు పెర్సిస్ ముందుగా ఆ మాటే అడిగింది.

"లేదండి. సాయంత్రం అయిదింటిలోగా పెట్టి ఇచ్చెయ్యమన్నారండి," అన్నాడు ఎదురుగా కూర్చున్న మనిషి.

అతనికీ, అతనితో వచ్చిన రూతమ్మకీ మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కైకలూరు నుంచి ఏలూరు దాకా బస్సులో పోట్లాడుకుంటూ వచ్చినట్టున్నారు అనుకుంది పెర్సిస్. బల్ల మీద ఉన్న జీతం చీటీ తీసి చూసింది. పేరు యోబు. ఐసు ఫ్యాక్టరీ. చేరింది 2007లో.

రెండో కాగితం ఫ్యాక్టరీవాళ్ళు టైపు చేయించింది. 'నా సొంత ఇష్టంతో ఉద్యోగం మానుకుంటున్నాను.'

"ఎందుకు తీసేస్తున్నారు?"

"కొత్త మిషన్లు దింపారండి. దిమ్మలు మోసేవాళ్ళు ఇక అక్కర్లేదంట."

"అంటే వాళ్ళు తీసేస్తున్నారు. మీరు మానుకోవడం లేదు. దీని మీద సంతకం పెడితే మీకు రావలసిన పరిహారం పోయినట్టే. అందుకే వాళ్ళకింత తొందర. సర్వీసెంత?"

"ఏడేళ్ళండి," అన్నాడతను.

"పద్దెనిమిది," అంది రూతమ్మ.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. పెర్సిస్ చీటీ మళ్ళీ చూసింది.

"ఇందులో పద్దెనిమిదే ఉంది. ఏడంటారేంటి?"

"అదిగో, అలా నీళ్ళు నమలకు," రూతమ్మ అతని మీద విసుక్కుంది. "ఏడంటే ఏడుకే ఇస్తారు. మిగతా పదకొండేళ్ళూ ఆ దిమ్మలు వాటంతటవే లారీ ఎక్కాయా?"

భర్తని నువ్వంటోంది. ప్రేమపెళ్ళి కాబోలు.

"మధ్యలో ఏమైనా మానేశారా?"

"పదిరోజులు ఆగిందండి," అన్నాడతను.

"జబ్బు చేసిందా?"

"జబ్బేనండి. గుండెది," అంది రూతమ్మ.

పెర్సిస్ అతని భుజాల వైపు చూసింది. గుండెజబ్బు మనిషిలా లేడు.

"జబ్బు చేసి రాకపోతే సర్వీసు తెగదు. పదిరోజుల తర్వాత మళ్ళీ కొత్తగా చేర్చుకున్నారా?"

"లేదండి. కొత్తగా రాస్తే కొత్తవాళ్ళ రేటే ఇస్తారు, మస్టర్లో పేరు అలాగే ఉంచేద్దాం అన్నాడండి మేస్త్రీ."

"మంచిపని చేశాడు. అయితే పద్దెనిమిదే లెక్క. ఏటికి పదిహేను రోజుల జీతం. తీసేసేముందు నెలరోజుల నోటీసు, లేకపోతే నెల జీతం. గ్రాట్యుటీ వేరే."

"ఆ గ్రాట్యుటీ మనిషి పోయినా ఇస్తారంట కదండీ?" అంది రూతమ్మ.

పెర్సిస్ పెన్ను ఆగిపోయింది.

"ఇస్తారమ్మా, ఇంట్లోవాళ్ళకి. అయిదేళ్ళు నిండకపోయినా ఇస్తారు. కానీ ఆయన్ని పక్కన పెట్టుకుని అవేం మాటలు? ఉద్యోగం పోతే ప్రాణం పోయినట్టా?"

అతను తల దించుకున్నాడు. రూతమ్మ మాత్రం తగ్గలేదు.

"పోనీ, ఆ పదకొండేళ్ళదీ నా చేతికి విడిగా ఇప్పించే దారుందాండి?"

"ఒక ఇంటికొచ్చే డబ్బుని విడగొట్టడమేంటమ్మా?"

"ఇల్లు ఒకటి కాదండి. ఆయన సంసారం ఆయనకుంది."

పెర్సిస్‌కి తల తిరిగింది. ఇంకో సంసారం కూడానా? అయినా ఈవిడ నిక్షేపంగా పక్కన కూర్చుని వాటా మాట్లాడుతోంది. అతనేమో తప్పు చేసినవాడిలా నేలచూపులు చూస్తున్నాడు.

"చూడండి, మీ ఇద్దరి గొడవ తర్వాత. ముందు ఫ్యాక్టరీ సంగతి తేలనివ్వండి."

గబగబా ఒక నోటీసు తయారుచేసి, గట్టిగా చదివి వినిపించింది. పద్దెనిమిదేళ్ళుగా నమ్మకంగా పనిచేసిన తనను చట్టప్రకారం తప్ప తొలగించకూడదని యోబు ఫ్యాక్టరీ యాజమాన్యాన్ని హెచ్చరించడం అందులోని సారాంశం. నమ్మకంగా అన్నచోట రూతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇక్కడ సంతకం పెట్టండి," అంది పెర్సిస్.

అతను పెన్ను తీసుకున్నాడు. కాగితం వైపు చూశాడు. రూతమ్మ వైపు చూశాడు.

"ఇది కోర్టు దాకా వెళ్తుందాండి?"

"వెళ్తే వెళ్తుంది. మీ హక్కు మీరడగడానికి భయమెందుకు? యోబుని నేనే, ఈ పద్దెనిమిదేళ్ళూ పనిచేసింది నేనే అని ప్రమాణం చేసి చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను."

అతను పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"యోబు మా అన్నయ్యండి, చనిపోయాడు."