రెండు డబ్బాల లెక్క

దేవుడు మన మొర వింటాడా, విన్నా తీరిక లేక ఊరుకుంటాడా అన్న అనుమానం దుకాణదారుకు ఏళ్లుగా ఉంది. రోజూ పటం ముందు దీపం పెట్టి అతను కోరేది ఒకటే: ఈ కొట్టు కప్పు కారకూడదు. కాంక్రీటులో కలిపే మందులు అమ్మే కొట్టే కారుతుంటే కొనేవాళ్లు నవ్వరూ? పైగా వానొస్తే చాలు, సిమెంటు బస్తాలు రాళ్లయిపోతున్నాయి.

ఆ ఉదయం బకెట్టులో చుక్క టప్పుమనేసరికి గుమ్మంలో లెక్కలాయన ప్రత్యక్షమయ్యాడు. ఆ పేరు దుకాణదారు తనలో తాను పెట్టుకున్నదే. వారంగా వస్తున్నాడు, ఒక్క డబ్బా కొన్న పాపాన పోలేదు.

"మీ కప్పూ కారుతోందే నాయనా!"

"మా ఓనరు పుణ్యం. ముఖం ఎలా ఉంటుందో తెలీదు గానీ, వట్టి పిసినారి అనుకుంటా. వాచ్‌మన్‌తో ఎన్ని కబుర్లు పంపినా 'చూద్దాం' అంటాడు."

"అలాగా! సరే, మళ్లీ చెప్పు. పైకప్పు మీద పోసే కాంక్రీటులోకి ఈ తెల్ల జిగురు డబ్బా, ఆ రబ్బరు పాల డబ్బాలో సగం ధరే కదా?"

"సగమే బాబాయిగారూ. కానీ నీళ్లు నిలిస్తే మళ్లీ మెత్తబడిపోతుంది. ఈ రబ్బరు పాలు ఖరీదే గానీ, ఇవి కలిపితే కాంక్రీటు పలచటి పొరగా పోసినా చాలు, సిమెంటు కలిసొస్తుంది. రెండేళ్లకోసారి పగలగొట్టి పోసే కూలి ఉండదు. అన్నీ కలిపి చూస్తే ఇదే చవక."

"అమ్మేవాడివి, అలాగే అంటావు."

"నిన్న కాగితం మీద వేసి చూపించాను కదండీ!"

"కాగితం నీదే, కలమూ నీదే."

దుకాణదారుకు ఒళ్లు మండింది. "అసలింత తర్జనభర్జన ఎందుకండీ?"

"కింద ఉండేవాళ్లు పోరుతున్నారు. బాగుచేయిస్తానని ఎప్పుడో మాటిచ్చాను. ఆ మాట బాకీ ఇవాళ తీర్చేద్దామని."

"పాపం, వాళ్ల ఓపికకు దండం పెట్టాలి."

"నువ్వు భక్తిపరుడివి, అబద్ధం చెప్పవు. ఆ పటం వైపు చూసి చెప్పు. నీ సొంత ఇల్లయితే ఏది వేస్తావు?"

బయట నిలబడ్డ కొనుగోలుదారు విసుగెత్తి వెళ్లిపోయాడు. ఇంకో చుక్క సరిగ్గా దుకాణదారు మెడ మీద పడింది. దాంతో అతని సహనం కాస్తా అయిపోయింది. పటం వైపు మాత్రం చూడలేదు.

"తెల్ల జిగురే వేస్తానండీ! బ్రహ్మాండంగా ఉంటుంది. పట్టుకెళ్లండి!"

"అదీ మాట! వారం నుంచీ ఈ ముక్క కోసమే తిరుగుతున్నాను." లెక్కలాయన ముఖం వెలిగిపోయింది. ఉన్న జిగురు డబ్బాలన్నీ కొనేశాడు.

పీడ విరగడైందనుకుంటూ దుకాణదారు బిల్లు చింపి ఇచ్చాడు. "ఆటోలో వేయిస్తాను. ఎక్కడ దించమంటారు?"

లెక్కలాయన బకెట్టు వంక చూశాడు. తలెత్తి కప్పు వంక చూశాడు.

"ఆటో దేనికి నాయనా? ఈ భవనం నాదే."