బుల్లబ్బాయి తప్పులు

ప్రణీతకు నలభైకి పదకొండు వచ్చాయి.

మిగతా సబ్జెక్టులన్నీ బాగానే రాసింది. మెడికల్ ఎంట్రన్సులో ఆమెను ముంచినవి ప్యాసేజీలు. ఇంగ్లీషులో ఒక పేజీ చదివి, దాని కింద ప్రశ్నలకు జవాబులు పెట్టాలి, అంతే. ఇంకొక్కసారి రాయనిస్తారు. అదీ పోతే డాక్టరు చదువు మాట మరిచిపోవాల్సిందే. ఆరో తరగతి నుంచీ అదే పలవరిస్తున్న పిల్లకు అది చిన్న దెబ్బ కాదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

తెలివి లేక కాదు, ఓపిక లేక. ప్రాక్టీసు పుస్తకం తెరిస్తే గంటలో పది ప్యాసేజీలు ఊదిపారేసేది. తప్పు వస్తే వెనక జవాబు చూసుకుని, "తెలుసులే, తొందరలో పెట్టేశా" అని పేజీ తిప్పేసేది.

అదే ఇతరుల తప్పులైతే ఎక్కడలేని ఓపికా వచ్చేది. వాళ్ళు ఉంటున్న అరబ్బు దేశంలో, జిదాఫ్స్ బజారులో దుకాణాల బోర్డులు దిద్దేది. నాన్న రవికాంత్ ఆఫీసుకు రాసే మెయిళ్ళు దిద్దేది. ఎవరింటి శుభలేఖ వచ్చినా ముహూర్తం సంగతి వదిలేసి అచ్చుతప్పులు లెక్కపెట్టేది. చెల్లెలు రచన కూడా అక్క బాటే.

ఒకరోజు తల్లి హేమావతి ఒక కబురు తెచ్చింది.

"మనామాలో ఎవరో ఇండియా వెళ్ళిపోతున్నారే. సామానంతా ఇచ్చేస్తున్నారు. వాళ్ళబ్బాయి ప్యాసేజీల పుస్తకం ఉందట. అడిగాను."

ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ మిక్సీలూ మంచాలూ ఇంకో తెలుగింటికి చేరడం ఇక్కడ మామూలే. ఈ పుస్తకం చేరడానికి మాత్రం రెండు వారాలు పట్టింది. వాళ్ళకు సర్దుకోవడం తెమల్లేదట.

మొదటి పేజీలో కోడి కెలికినట్టు ఒక పేరు ఉంది. బుల్లబ్బాయి. లోపల ప్రతి ప్రశ్నకూ పెన్సిలు టిక్కు. వెనక జవాబుల పేజీలు లేవు.

"ఈ రోజుల్లో బుల్లబ్బాయేంటమ్మా?"

"తాతగారి పేరు పెట్టుకునుంటారు. నీకెందుకు?"

"పుస్తకం నలగనైనా లేదు."

"చదివితేగా నలగడానికి."

మొదటి ప్యాసేజీ ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళ గురించి. వాళ్ళలో కొందరికి చెవిపోటు వచ్చేదని రచయిత రాశాడు. బుల్లబ్బాయి "అందరికీ" అన్న జవాబు దగ్గర టిక్కు పెట్టాడు.

"వీడికి కళ్ళున్నాయా అసలు? కొందరికి అని స్పష్టంగా ఉంటే," అంది ప్రణీత.

"ఎక్కడుందే?" అంటూ హేమావతి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

ప్రణీత ఆ లైను మీద వేలు పెట్టి చూపించింది. ప్యాసేజీలో లైను మీద వేలు పెట్టడం ఆమెకు అదే మొదలు.

ఆ రోజు నుంచీ అదే పని. బుల్లబ్బాయిని పట్టుకోవాలంటే నెమ్మదిగా చదవాలి. చదివి, పుస్తకం మూసి, రచయిత ఏమన్నాడో బెండకాయలు తరుగుతున్న తల్లికి ఒక్క ముక్కలో చెప్పేది. తర్వాత వాడు ఎక్కడ జారాడో వెతికేది. దొరికాక పక్కన రాసేది: "వెధవా, రచయిత అన్లేదు, నువ్వే అనుకున్నావు." తిట్లకే టైము సరిపోయి రోజుకు రెండు ప్యాసేజీలకు మించి అయ్యేవి కావు.

వారంలో వాడి గుట్టంతా తెలిసిపోయింది. ప్యాసేజీలోని మాట జవాబులో కనిపిస్తే చాలు, టిక్కు. తనకు ముందే తెలిసిన విషయమైతే చదవకుండానే టిక్కు. చివరి రెండు లైన్లు వాడు ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

"మొద్దబ్బాయి అని పెట్టాల్సింది పేరు."

"అంత మొద్దేం కాదులే," అంది హేమావతి ముఖం ముడుచుకుని. "తొందర మనిషి, అంతే."

"వాణ్ణి వెనకేసుకొస్తావేంటి?"

"ఎవరో కన్నబిడ్డే కదా."

కోచింగు వాళ్ళ నమూనా పరీక్షలో పందొమ్మిది వచ్చాయి. ఆ తర్వాత ఇరవై ఏడు.

ఒక సాయంత్రం ప్రణీత ఒకే పేజీ మూడుసార్లు చదివి తల్లిని పిలిచింది.

"అమ్మా, వీడు అచ్చం నాలాగే పెట్టాడు. నా పాత పేపర్లేవి? చూడాలి."

"సర్దుతుంటే ఎక్కడో పడ్డాయి. ముందు ఇది పూర్తి చెయ్యి."

"పాపం, వీడికి సీటొచ్చి ఉండదు." ఆమెకు నిజంగానే దిగులేసింది. ఆ పేజీలో తిట్టు రాయలేదు.

రెండోసారి ముప్పై ఆరు వచ్చాయి. సీటు వచ్చింది. రవికాంత్ అంతస్తులో ప్రతి తలుపూ తట్టి హల్వా పంచాడు. ప్రణీత తల్లిని పట్టుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని వెంటనే మొదలెట్టింది.

"బుల్లబ్బాయి నంబరివ్వు. థ్యాంక్స్ చెప్పాలి."

"ఇండియా నంబరు నా దగ్గర లేదు."

"మన తెలుగు గ్రూపులో అడుగుతాను."

"అడిగి? నీ తప్పులన్నీ దిద్దానని ఊరందరి ముందూ చెప్తావా? వాడికి సిగ్గు కాదూ?"

అదీ నిజమే అనిపించి ప్రణీత ఊరుకుంది.

"వచ్చే ఏడాదికి నాకూ ఆ పుస్తకం కావాలి," అంది రచన.

"అందులో అన్నీ అక్క దిద్దేసిందిగా, నీకేం మిగిలాయి? ఇంకెవరైనా ఇల్లు ఖాళీ చేస్తున్నారేమో కనుక్కుంటాలే," అంది హేమావతి.

మర్నాడు పొద్దున్న అందరూ బయటికి వెళ్ళాక, హేమావతి కొత్త పుస్తకం ప్లాస్టిక్ కవరు చింపి, వెనక జవాబుల పేజీలు జాగ్రత్తగా కోసి దాచుకుని, రచన పాత పరీక్ష పేపర్లు పక్కన పెట్టుకుని, పెన్సిలు ఎడమచేత్తో పట్టుకుని మొదటి పేజీలో "గంగరాజు" అని రాసింది.