వేళ్ల ముచ్చట

"అమ్మా, ఆ కుర్చీలో కూర్చోకండి. గెస్టు కోసం వేశాం."

మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన ఆవిడ, కూర్చోబోయినదల్లా సగంలోనే లేచి నిలబడింది.

బుచ్చిబాబు కుర్చీ మీద తువ్వాలు మళ్లీ సర్దాడు.

నాచారం మెయిన్ రోడ్డులో మందుల షాపు పైన ఒక్కటే గది. అదే పింఛనుదారుల సమితి ఆఫీసు. బుచ్చిబాబు దానికి కార్యదర్శి. కాకినాడ వైపు నుంచి వచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేసి రిటైరైన మనిషి.

వేలిముద్ర పడలేదని ముసలివాళ్ల పింఛను ఆపొద్దన్నది సమితి పోరాటం.

దానిమీద బుచ్చిబాబు నలభై నిమిషాలు ఏకధాటిగా మాట్లాడి వీడియో పెట్టాడు. పంతొమ్మిది వ్యూస్ వచ్చాయి. అందులో పదకొండు ఆయనవే.

అదే విషయం మీద ఎవరో పేరు చెప్పకుండా 'వేళ్ల ముచ్చట' అని చిన్న చిన్న రీల్స్ పెడుతున్నారు. ఐదు వేళ్లకూ కాటుకతో కళ్లూ మూతీ గీసి మాట్లాడిస్తారు. బొటనవేలు అవ్వ, నడిమివేలు ఆఫీసరు. అవ్వ మిషను మీద ఎంత నొక్కినా ముద్ర పడదు.

"నువ్వు నువ్వే అనెటందుకు సాక్ష్యమేంది?" అంటాడు ఆఫీసరు.

"నేనే వచ్చిన గద బిడ్డా" అంటుంది అవ్వ.

లక్షల మంది నవ్వారు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే పక్కవాడి ఫోనులోనూ అదే.

సోమవారం సమితికి పెద్ద ఆఫీసర్లతో మీటింగ్ ఉంది. ఆ రీల్స్ చేసే మనిషి వెంట వస్తే సగం పని అయినట్టేనని బుచ్చిబాబు ఆశ. తొమ్మిది మెసేజీలు పెడితే ఒక్కదానికి జవాబొచ్చింది.

'గురువారం పది గంటలకు వస్త.'

ఎవరో టోపీ పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడని బుచ్చిబాబు తేల్చేశాడు. శాలువా, డజను సమోసాలు, ఒక ఫ్లెక్సీ తెప్పించాడు.

ఈలోగా ఈవిడ.

"ఫారాలు శనివారం నింపుతామమ్మా."

"ఫారం గాదు సార్. నన్ను రమ్మన్నరు."

"అందరినీ రమ్మనే అంటాం. శనివారం."

"ఆ వీడియోల గురించి సార్..."

"మీరూ చూశారా? ఎంత బాగా చేస్తున్నాడో కుర్రాడు."

"నేను ఏళ్లతోని జేస్త సార్."

"ఏళ్ల తరబడి చేశారన్నమాట. నేనూ ముప్పై ఏళ్లు చేశానమ్మా. ఏం లాభం, మనల్ని ఎవరు గుర్తించారు?"

ఆవిడ తన చేతివేళ్ల వంక చూసుకుంది.

"మీ పేరు?"

"మరియమ్మ."

"మరియమ్మగారూ, ఎలాగూ నిలబడే ఉన్నారు. ఈ ఫ్లెక్సీ కొస కాస్త పట్టుకోండి."

ఆవిడ పట్టుకుంది. బుచ్చిబాబు స్టూలెక్కి తాడు కట్టాడు.

'వేళ్ల ముచ్చట సృష్టికర్తకు ఘన స్వాగతం' అని ఉంది దానిమీద. ఆవిడ ఒక్కో అక్షరం చదివింది.

"సృష్టికర్త అనకుర్రి సార్. ఆయన పైన ఉన్నడు."

"పైన ఎక్కడమ్మా, ఇంకా రాందే."

ఆవిడ కొంగుతో మూతి కప్పుకుంది. దగ్గో నవ్వో ఆయనకు తెలియలేదు.

"సమోసాలు వచ్చినవాళ్లకే లెక్కగా తెచ్చాం. మిగిలితే మీకూ ఒకటి ఇస్తాను."

"పర్వలేదు సార్. పోయొస్త."

ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

పదిన్నరకు హరిత వచ్చింది. ఉప్పల్‌లో ఉద్యోగం, సమితి ఫోనూ మెసేజీలూ చూసేది ఆమే.

"వచ్చిండా అంకుల్?"

"ఎక్కడ? ఈ కుర్రాళ్లకు టైమంటే లెక్కలేదమ్మా."

అంతలో హరిత చేతిలో సమితి ఫోను మోగింది. 'వేళ్ల ముచ్చట' నుంచి మెసేజ్.

'వచ్చిన. కుర్చీ గెస్టుకు అన్నరు. ఫ్లెక్సీ మంచిగ కట్టినం. పోతున్న.'

హరిత రెండుసార్లు చదివింది.

"అంకుల్, ఫ్లెక్సీ ఎవరితోని కట్టిన్రు?"

బుచ్చిబాబు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఉప్పల్ బస్సు అప్పుడే సిగ్నల్ దాటుతోంది. ఆవిడ అందులో ఉందో లేదో తెలియదు.

క్షమించమని మెసేజ్ పెట్టాడు. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇంకో ఆరు. దేనికీ జవాబు లేదు.

సాయంత్రం 'వేళ్ల ముచ్చట'లో కొత్త వీడియో వచ్చింది. హరితా, ఆయనా ఒకే ఫోను మీదికి వంగారు.

ఈసారి వేళ్లు లేవు. కాటుక లేదు. మొహమే ఉంది.

"నా పేరు మరియమ్మ. ఇదే ఆఖరి వీడియో. సోమారం సమితోళ్ల ఎంబడి పోయి ఆఫీసర్లకు సాక్ష్యం చెప్దామనుకున్న. పొద్దుగాల ఆడికి పోతే, ఒక సార్ నేను చెప్పేది వినకుండనే శనివారం రమ్మన్నడు."

బుచ్చిబాబు కళ్లు దించుకున్నాడు.

"ఆ సార్ మీద నాకేం కోపం లేదు. మంచోడే. ఇగ ఒక్కదాన్నే పోత. ఎవరి పింఛన్ ఏ నెల ఆగిందో పేర్లతో సహా నాకు యాదికున్నది."

ఆవిడ గ్లాసెడు నీళ్లు తాగింది.

"ఎట్ల యాదికున్నదంటరా? ఆ ముద్రల మిషన్ ముంగట పన్నెండేండ్లు కూసోని, ఆళ్లందరిని ఎనుకకు పంపింది నేనే."