గోతిలో అడ్డం పడుకున్నవాడు

విశ్రాంతమ్మ శవపెట్టెను సమాధుల తోటకు మోసుకొచ్చేసరికి, తవ్వించిన గోతిలో ఎవడో పడుకుని ఉన్నాడు.

బతికున్న మనిషే. మాసిన లుంగీ, మట్టి కొట్టుకున్న తల. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, తన కోసమే తవ్వించినట్టు దర్జాగా పడుకున్నాడు.

బూర్గంపాడులో అతన్ని ఎరిగినవాళ్లు లేరు. తాగి పడ్డాడనుకున్నారు. విశ్రాంతమ్మ పెద్దకొడుకు ఇన్నయ్య మొదట మర్యాదగానే లెమ్మన్నాడు.

"జరసేపు ఆగుండ్రి. మనిషిని మట్టిల పెట్టేటందుకు గంత తొందరేంది?" అన్నాడు గోతిలోని మనిషి.

లోపలికి దిగి లాగారు. గోతి అంచు పట్టుకుని వేలాడాడు. పైకి తెస్తే మళ్లీ దూకాడు. తల్లి పోయిన దుఃఖంలో ఉన్న ఇన్నయ్యకు ఒళ్లు మండిపోయింది. మూతి మీద ఒక్కటి గుద్దితే ముందు పన్ను ఊడి వచ్చింది. అయినా ఆ మనిషి కదల్లేదు. పాస్టరుగారికి ఏం చేయాలో తోచక, ఇంకో పాట ఎత్తుకోమని ఆడవాళ్లకు చెప్పి, ప్రార్థన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

చివరికి నలుగురు కలిసి అతన్ని కాళ్లూ చేతులూ పట్టి గట్టు అవతల పడేశారు.

అప్పుడే పెట్టెలో దగ్గు వినిపించింది.

జ్వరంతో పోయిందని, నాడి అందడం లేదని పొద్దున్నే ఆర్‌ఎంపీ డాక్టరు చెప్పి వెళ్లిన విశ్రాంతమ్మ, కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. అందరూ పెట్టె దగ్గరికి పరుగెత్తారు. గట్టు అవతల ఉన్నవాణ్ని మళ్లీ ఎవరూ పట్టించుకోలేదు.

ఇది రెండువేల మూడు ఎండాకాలంలో జరిగింది. ఆ తర్వాత ఆ ఇంటి గొప్ప ఇంతా అంతా కాదు. మధిర నుంచి, సత్తుపల్లి నుంచి, వేంసూరు నుంచి ప్రార్థన సభల్లో సాక్ష్యం చెప్పమని పిలుపులు. జీపులు ఇంటి ముందుకే వచ్చేవి. విశ్రాంతమ్మ తెల్లచీర కట్టుకుని వేదిక మీద కూర్చునేది. మైకు మాత్రం ఇన్నయ్యది. చివర్లో లేచి నిలబడి దండం పెట్టడమే ఆమె పని. లేచి నిలబడటమే కదా అక్కడ అసలు సంగతి.

చచ్చి లేచినామె అని జనం చూపిస్తుంటే ఆమెకు గర్వంగానే ఉండేది. ఉండదా మరి?

సాక్ష్యంలో జనానికి బాగా నచ్చే ముక్క ఒకటుంది. "మా అమ్మను దేవుడు లేపుతడని ఎరికైన సాతాను, తాగుబోతు ఏషంల వచ్చి గోతిల అడ్డం పండుకున్నడు" అనేవాడు ఇన్నయ్య. అతను ఎలా వేలాడాడో చేతులతో చేసి చూపించేవాడు. జనం పడీపడీ నవ్వేవారు. విశ్రాంతమ్మ కూడా నవ్వేది. ఆమె లేస్తుందని తెలిసిన సాతాను పూడ్చడానికి తొందరపెట్టాలి గానీ ఆపుతాడా అన్న అనుమానం ఒక్కరికీ రాలేదు.

అడవి అంచున ఉన్న తండా నుంచి కూడా పిలుపులు వస్తూనే ఉండేవి. అక్కడ మైకు లేదు, జీపు పంపే స్తోమత లేదు. ఇన్నయ్య రేపు మాపు అంటూ ఏళ్లు గడిపాడు. ఒక ఆదివారం విశ్రాంతమ్మే పట్టుబట్టి కొడుకును బయల్దేరదీసింది.

తాటాకుల మందిరం కిటకిటలాడింది. సాతాను ముక్క రాగానే ఇన్నయ్య ఎప్పటిలాగే వేలాడి చూపించాడు. ఒక్కరూ నవ్వలేదు.

సంఘపెద్ద లాల్‌సింగ్ లేచి, ఆ మనిషి ముందు పన్ను ఊడిందా అని అడిగాడు. ఊడగొట్టింది తనేనని ఇన్నయ్య గొప్పగా చెప్పాడు.

"ఆయన పేరు గోప్యా. ఈ తండాయనే. జీవితంల సుక్క ముట్టలే" అన్నాడు లాల్‌సింగ్.

ఆయన్ని చూపించమంది విశ్రాంతమ్మ. కిందటి వానాకాలంలోనే కన్నుమూశాడట. లాల్‌సింగ్ మెల్లగా అంతా చెప్పుకొచ్చాడు. గోప్యా భార్య కూడా జ్వరంతోనే పోయింది. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది, కాసేపు ఆగండని గోప్యా అందరి కాళ్లూ పట్టుకున్నాడు. వాన ముంచుకొస్తోందని ఎవరూ ఆగలేదు. అప్పటి నుంచి చుట్టుపక్కల ఎక్కడ చావు జరిగిందని విన్నా నడిచి వెళ్లి గోతిలో పడుకునేవాడు. పోయినవాళ్లు ఎవరో, ఏ కులమో అడిగేవాడు కాదు. కాసేపు ఆగమనేవాడు, అంతే. వెళ్లిన ప్రతిచోటా తన్నులు తిని వచ్చేవాడు.

విశ్రాంతమ్మ లాల్‌సింగ్ వైపు తిరిగింది. "నేను లేచిన సంగతి ఆయనకు ఎరికేనా అయ్యా?"

"ఎరికే అమ్మా. నోట్ల నెత్తురు కారుతున్నా నవ్వుకుంట వచ్చిండు. ఇయ్యాల ఒకామె లేచిందని ఇల్లిల్లు తిరిగి చెప్పిండు. మేమే నమ్మలే. నిన్ను ఒక్కసారి చూడాలని ఆశ పడ్డడు. ఈ తండా నుంచి మీకు వచ్చిన పిలుపులన్నీ ఆయన పంపిచ్చినయే."

ఇన్నయ్య తల దించుకుని కూలబడ్డాడు.

విశ్రాంతమ్మ లేచి నిలబడింది. దండం పెట్టి ఊరుకోలేదు. తన సాక్ష్యం తానే చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. కళ్ల నీళ్లు కారుతున్నా తల ఎత్తి, తండా అంతటికీ వినపడేట్టు చెప్పింది.

"నన్ను లేపింది దేవుడు. నేను లేచేదాక నా మీద మట్టి పడనియ్యకుండ, నా గోతిల నాకు బదులు పండుకున్నది మీ గోప్యా."